మాట ఇచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఉద్యోగం మానుకుని యంత్రాల మరమ్మతు, నిర్వహణ పనిని సొంతంగా మొదలుపెడుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. పనితనం గురించి నీకు నేను చెప్పవలసింది ఏమీ లేదు. అయితే ఎంత పనితనం ఉన్నా రేపు, మాపు అని తిప్పించుకునే మనిషి దగ్గరికి ఖాతాదారులు రెండోసారి రారు. వచ్చినా వేరే దిక్కు లేక వస్తారు, దొరికిన మరునాడే వెళ్ళిపోతారు. అందుకే మాట నిలబెట్టుకోవడం గురించి మాత్రమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాట తప్పేవారిలో ఎక్కువమంది మోసగాళ్ళు కారు. వాళ్ళు గడువు నాడు తప్పు చేయరు, గడువు చెప్పిన నాడే చేస్తారు. యంత్రం ఆగిపోయి, పనివాళ్ళు ఖాళీగా కూర్చుని, ఖాతాదారు ఆత్రంగా "ఎప్పటికి అవుతుంది?" అని అడుగుతుంటే మొహమాటం కొద్దీ "రేపు సాయంత్రానికి" అనే మాట నోటికి వచ్చేస్తుంది. ఆ క్షణంలో మనం చెబుతున్నది అంచనా కాదు, ఆయన వినాలనుకుంటున్న మాట.

మొహమాటం లేనప్పుడు కూడా మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగానే లెక్కవేస్తాడు. డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ఈ పొరపాటు గురించి రాశారు. 1994లో వెలువడిన మరొక పరిశోధనలో, తమ పరిశోధనా వ్యాసం పూర్తిచేయడానికి ఎన్ని రోజులు పడుతుందని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. నిజానికి పట్టినవి 55 రోజులకు పైనే. నన్ను ఆలోచింపజేసింది మరొక అంకె. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినప్పుడు కూడా వాళ్ళు చెప్పినవి సగటున 49 రోజులకు మించలేదు. అంటే చెడు జరుగుతుందని ఊహించుకుని లెక్కవేసినా మన ఊహ చాలదు. కాబట్టి ఊహను పక్కనపెట్టి, ఇలాంటి పనికి ఇదివరకు నిజంగా ఎన్నాళ్ళు పట్టిందో చూసి చెప్పు. ప్రతి పనికీ మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసిపెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి నీ అంచనాలకు గట్టి ఆధారం దొరుకుతుంది.

తిరిగే ఇరుసుకు ఊతంగా ఉండే బేరింగ్ మార్చడాన్నే తీసుకో. చేతిపని రెండు గంటలే కావచ్చు. కానీ విప్పి చూస్తే బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్, అంటే ఆ ఇరుసు, అరిగి ఉంటుంది. దాన్ని లేతు పనివాడి దగ్గరికి పంపాలి, ఆయన చేతిలో వేరే పని ఉంటుంది, సరైన కొలత బేరింగ్ సరఫరాదారు దగ్గర ఉండదు. ఒక పని పదిమంది చేతుల మీదుగా నడుస్తూ, వాళ్ళలో ప్రతి ఒక్కరూ పదింట తొమ్మిదిసార్లు వేళకు ఇచ్చేవారే అయినా, ఒకరి తీరుతో ఇంకొకరికి సంబంధం లేదనుకుంటే, మొత్తం పని వేళకు పూర్తయ్యే అవకాశం నూటికి 35 మాత్రమే. అందువల్ల యంత్రాన్ని విప్పకముందే పూర్తయ్యే తేదీ చెప్పకు. "రేపు మధ్యాహ్నానికి విప్పి చూసి, ఏమేం కావాలో సాయంత్రంలోగా చెబుతాను" అను. అది పూర్తిగా నీ చేతిలో ఉన్న మాట. రెండో మాటను లోపల ఏముందో చూశాక ఇవ్వవచ్చు.

రాతపూర్వకమైన ఒప్పందాల్లో పదాలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. "ఫిర్యాదు అందిన 24 గంటల్లో స్పందిస్తాం" అని నువ్వు రాస్తే, 24 గంటల్లో బాగుచేస్తావని ఖాతాదారు చదువుకుంటాడు. స్పందించడం అంటే ఫోన్ చేయడమా, మనిషిని పంపడమా, యంత్రాన్ని తిరిగి నడిపించడమా అన్నది విడమరచి రాయి. "యంత్రం 99.9 శాతం సమయం నడుస్తుంది" అన్న షరతు వినడానికి బాగుంటుంది గానీ, పగలూ రాత్రీ నడిచే యంత్రం విషయంలో దాని అర్థం ఏడాది మొత్తంలో సుమారు 8 గంటల 45 నిమిషాలకు మించి ఆగకూడదని. ఆ లెక్క కట్టుకోకుండా సంతకం పెట్టకు. నోటి మాటకూ ఇదే వర్తిస్తుంది. "త్వరలో", "వీలైనంత తొందరగా" అన్నవి నీ మనసులో ఒక వారం, ఎదుటివారి మనసులో ఒక రోజు. తేదీ, వేళ చెప్పు. ఆయన ఎదుటే పుస్తకంలో రాసుకో. "సాయంత్రం ఫోన్ చేస్తాను" అన్నదీ మాటేనని మరిచిపోకు. పెద్ద పనుల్లో నిన్ను నమ్మవచ్చా లేదా అన్నది ఖాతాదారు ఇటువంటి చిన్న మాటల దగ్గరే తేల్చుకుంటాడు.

ఎంత జాగ్రత్తపడినా కొన్ని గడువులు తప్పుతాయి. తప్పబోతోందని నీకు ఎప్పుడు అనుమానం వస్తే అప్పుడే చెప్పు. సాయంత్రానికి ఇస్తానన్న యంత్రం ఈరోజు కాదని ఉదయం పదకొండుకే తెలిస్తే ఆయన పనివాళ్ళను వేరే పనికి మళ్ళించుకుంటాడు, తన సరుకు కోసం ఎదురుచూసేవారికి కబురు పంపుతాడు. అదే సంగతి సాయంత్రం ఆరింటికి తెలిస్తే నీతోపాటు ఆయన కూడా మాట తప్పినవాడు అవుతాడు. ఫోన్ ఎత్తకుండా ముఖం చాటేయడం కంటే పెద్ద అపచారం ఈ వృత్తిలో లేదు. చెప్పేటప్పుడు సరఫరాదారు మీద నేరం మోపుతూ కథ పొడిగించవద్దు; ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పి, కొత్త గడువు ఇవ్వు. ఆ గడువు నీకు కొంచెం వెసులుబాటు ఉన్నదై ఉండాలి, ఎందుకంటే రెండోసారి కూడా తప్పితే ఇక నీ మాట ఎవరూ వినరు.

అయితే గడువు కోసం పరీక్షించవలసినదాన్ని పరీక్షించకుండా యంత్రాన్ని అప్పగించకు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగం అప్పటికే పలుమార్లు వాయిదా పడి ఉంది. అంతటి చలిలో రాకెట్టు భాగాల మధ్య ఉండే రబ్బరు వలయాలు సరిగా పనిచేయకపోవచ్చని ముందురోజు రాత్రి ఇంజనీర్లు హెచ్చరించినా ప్రయోగం ఆపలేదు. బయలుదేరిన 73 సెకన్లకే నౌక ముక్కలైపోయి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. మన పని అంత పెద్దది కాకపోవచ్చు గానీ, నువ్వు బిగించిన యంత్రం దగ్గర కూడా ఒక మనిషి నిలబడి పనిచేస్తాడు. అది సురక్షితంగా నడుస్తుందన్నది నువ్వు నోటితో చెప్పకపోయినా ఇచ్చిన మాటే. తేదీకీ దానికీ పోటీ వస్తే తేదీనే వదులుకో.

రేపు నీ దగ్గర సహాయకులు చేరాక వాళ్ళు నీ తరఫున మాటలు ఇస్తారు. ఖాతాదారుకు అవన్నీ నీ మాటలే. కాబట్టి ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చినా ఆ పుస్తకంలోనే రాయాలన్న నియమం మొదటిరోజు నుంచే పెట్టు. ఉదయం పని మొదలుపెట్టే ముందు అందరూ కలిసి ఆ పేజీ చదవండి.

ఆశీస్సులతో,
మీ బాబాయి