పాత కారులో ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరడం లేదు, ఏం చూడాలి?

తాళం తిప్పగానే ఆ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. మీరన్నట్టు ఆరకుండా ఉంటే ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ యూనిట్ ఎక్కడో లోపం పట్టుకుందని అర్థం. అప్పుడు ప్రమాదం జరిగినా బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. బండి నడుస్తోంది కదా అని వదిలేయకండి.

ముందు ఆ యూనిట్ నమోదు చేసిన లోపం కోడ్ చదివించండి. చవక ఓబీడీ రీడర్లు (కారు సాకెట్‌కు తగిలించి కోడ్లు చదివే పరికరాలు) చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను చదవగల స్కానర్ కావాలి.

పాత కార్లలో నా మొదటి అనుమానం సీటు కిందికే పోతుంది. అక్కడి కనెక్టర్ (సాధారణంగా పసుపు రంగుది) సీటు ముందుకూ వెనక్కూ జరిపి జరిపి వదులవుతుంది, తడి తగిలితే పిన్నులు చిలుము పడతాయి. సీటు జరిపినప్పుడే లైట్ వచ్చిందేమో గుర్తుచేసుకోండి. హారన్ కూడా మోగకపోతే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు. స్టీరింగ్ ఎంత తిరిగినా బ్యాగుకు కరెంటు అందించే చుట్ట తీగ అది. సీట్‌బెల్ట్ బకిల్‌లోని స్విచ్ కూడా చెడుతుంది. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు నమోదైన కోడ్ అయితే, బ్యాటరీ సరిచేసి కోడ్ చెరిపిస్తే సరిపోవచ్చు.

కనెక్టర్ ముట్టుకునే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు తప్పకుండా ఆగండి. యూనిట్ కెపాసిటర్లలో బ్యాగును పేల్చగల కరెంటు ఇంకా నిల్వ ఉంటుంది. బ్యాగు రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలవద్దు, మీటరు పంపే కరెంటుకే అది పేలవచ్చు. బ్యాగు బదులు రెసిస్టర్ పెట్టి లైట్ ఆర్పేస్తామనే మెకానిక్ మాట అసలు వినకండి, అలా చేస్తే లైట్ ఆరుతుంది, బ్యాగు మాత్రం పనిచేయదు.