హోమ్ పేజీ తెరుచుకుంటుంది, పోస్టులు మాత్రం 404: తెలుగు వర్డ్‌ప్రెస్ సైట్‌కి నేను సర్వర్ ఎలా సర్దుకున్నానంటే

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో నాన్నగారి మామిడి నర్సరీకి తెలుగులో సైట్ పెట్టాలని 1 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకున్నారు. ఉబుంటు 24.04 మీద పేజీలు అందించే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్, వర్డ్‌ప్రెస్‌ని నడిపే పీహెచ్‌పీ, డేటాబేస్ కోసం మరియాడీబీ, ఆపైన సైట్ రాసుకునే వర్డ్‌ప్రెస్ వేశారు. హోమ్ పేజీ వస్తోంది, ఏ పోస్టు నొక్కినా 404, అంటే 'పేజీ దొరకలేదు'. మొక్కల ఫోటోలు ఎక్కడం లేదు. రెండు రోజులుగా తిప్పలు పడుతున్నాను, ఇంజిన్‌ఎక్స్ వదిలి అపాచీ వెబ్ సర్వర్‌కి మారిపోనా అన్నారు.

మారొద్దండీ. అపాచీ మంచిదే, కానీ అక్కడా ఇదే 404 మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. పోస్టు లింకులన్నీ తన దగ్గరికే పంపాలనే నియమాన్ని వర్డ్‌ప్రెస్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్లో రాసుకుంటుంది. ఇంజిన్‌ఎక్స్ ఆ ఫైలు అసలు చదవదు. అపాచీ చదువుతుంది, కానీ ఉబుంటులో వేసిన కొత్తలో లింకుల్ని మళ్లించే రీరైట్ మాడ్యూల్ ఆన్‌లో ఉండదు, ఆ ఫైలుని చదవనిచ్చే అలౌ ఓవర్‌రైడ్ కూడా 'నన్' అనే ఉంటుంది. ఆ రెండూ మార్చాకే అది పనిచేస్తుంది. దానికి పడే కష్టంలో పావు వంతు పెడితే ఇక్కడే అయిపోతుంది.

వర్డ్‌ప్రెస్ పోస్టుకి సర్వర్‌లో విడిగా ఫైలేమీ ఉండదు. తోతాపురి అంట్ల మీద మీరు రాసింది డేటాబేస్‌లో ఒక వరస, అంతే. లింకు నొక్కగానే ఇంజిన్‌ఎక్స్ ఆ పేరుతో ఫైలుందా అని చూస్తుంది, ఉండదు. ఫోల్డరుందా అని చూస్తుంది, అదీ ఉండదు. ఇక 404 ఇచ్చేస్తుంది. డీఫాల్ట్ సైట్ ఫైల్లో ట్రై ఫైల్స్ అనే లైను చివర సమానం గుర్తు, 404 అని ఉంటుంది చూడండి, మీ చిక్కంతా అదే. ఆ ముక్క తీసేసి అక్కడ స్లాష్ ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ, వెంటనే ప్రశ్నార్థకం, డాలర్ ఆర్గ్స్ అని పెట్టండి. నీకు దొరక్కపోతే వర్డ్‌ప్రెస్‌ని అడుగు అని చెప్పినట్టు. ఆ చివరి ఆర్గ్స్ వదిలేయకండి. వదిలేస్తే పోస్టులు తెరుచుకుంటాయి గానీ, ఎడిటర్ లోపలి నుంచి పంపే వివరాలు వర్డ్‌ప్రెస్‌కి చేరవు, అప్పుడు ఎక్కడ తప్పుందో పట్టుకోవడం ఇంకా కష్టం. మార్చాక ముందు కాన్ఫిగ్ టెస్ట్ చేసి, అది సరే అన్నాకే రీలోడ్ చేయండి.

ఫోటోల దగ్గర మాత్రం మూడు తలుపులున్నాయి. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటితే లోపలికి రానివ్వదు, 413 అంటుంది. దాన్ని దాటితే పీహెచ్‌పీలో ఒక్కో ఫైలుకి 2 ఎంబీ హద్దు, ఒకసారి పంపే మొత్తం డేటాకి 8 ఎంబీ హద్దు. ఇప్పటి ఫోన్లో తీసిన ఒక్క మామిడి గుత్తి ఫోటోనే 4, 5 ఎంబీ ఉంటుంది. మూడింటినీ పెంచాలి: క్లయింట్ మాక్స్ బాడీ సైజ్, అప్‌లోడ్ మాక్స్ ఫైల్‌సైజ్, పోస్ట్ మాక్స్ సైజ్. నేను మొదటి రెండిటికీ 16, మూడోదానికి 20 పెట్టుకున్నాను. ఉబుంటులో పీహెచ్‌పీ ఐఎన్‌ఐ ఫైళ్లు రెండుంటాయి, ఒకటి సీఎల్‌ఐ (కమాండ్ లైన్) ఫోల్డర్లో, ఒకటి ఎఫ్‌పీఎం (ఇంజిన్‌ఎక్స్ కోసం పీహెచ్‌పీని నడిపే సర్వీస్) ఫోల్డర్లో. వెబ్‌కి పనికొచ్చేది ఎఫ్‌పీఎం ఫోల్డర్లోదే. నేను ఒక సాయంత్రమంతా సీఎల్‌ఐ ఫైలు మారుస్తూ కూర్చున్నాను. సరైన ఫైలు మార్చాక ఎఫ్‌పీఎం సర్వీస్ రీస్టార్ట్ చేయడం మరవకండి.

ఫోటోలు ఎక్కకపోతే అందరికీ రాసే హక్కిచ్చే 777 పర్మిషన్ ఇచ్చేయమని ఎవరైనా చెబుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644, అప్‌లోడ్స్ ఫోల్డర్ యజమానిగా వెబ్ సర్వర్ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా యూజర్ ఉంటే చాలు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే కాన్ఫిగ్ ఫైలుకి 640.

ఇక తెలుగు సైట్ కాబట్టి ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి, అందులో వేసే వేషాల గురించి అమ్మమ్మ చెప్పినవన్నీ ఒక చిన్న సైట్లో రాస్తున్నాను. 'తాతయ్యగుంట గంగమ్మ జాతర బైరాగి వేషం' అని ఒక పోస్టు పెట్టాను. లింకు చూస్తే 'తాతయ్యగుంట-గంగమ్మ-జాతర-బ' దగ్గర ఆగిపోయింది. జాతర పక్కన ఒంటరిగా ఒక 'బ'. బండ వేషం పోస్టు పెడితే దానికీ అదే 'బ', పక్కన 2 అంకె తగిలించుకుని వచ్చింది. ఎందుకంటే తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతి) 3 బైట్లు, లింకులో శాతం గుర్తులతో రాసేసరికి 9 గుర్తులు. వర్డ్‌ప్రెస్ ఆ లింకు పేరుకి ఇచ్చే చోటు 200. అంటే మహా అయితే 22 అక్షరాలు, మాటల మధ్య గీతలు పడితే ఇంకా తక్కువ. పైగా మనం 'బై' అని ఒక్కటిగా చూసేది దానికి రెండు, బ ఒకటి, ఐత్వం ఒకటి. సున్న, పొల్లు, దీర్ఘం అన్నీ విడివిడి లెక్కే. అందుకే శీర్షిక నిండుగా తెలుగులో రాయండి, లింకు పేరు మాత్రం పబ్లిష్ కొట్టకముందే పొట్టిగా మీ చేత్తో రాసుకోండి. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా శాతం గుర్తుల దండకం రాకుండా ఉంటుంది.

డేటాబేస్ తయారుచేసేటప్పుడే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8 ఎంబీ4 అని చెప్పండి. మామూలు యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది గానీ 4 బైట్ల ఎమోజీలు పట్టవు. పాత హోస్టింగ్ నుంచి నా సైట్ మార్చినప్పుడు బ్యాకప్ తెలుగు పట్టని లాటిన్1 క్యారెక్టర్ సెట్‌లో తీశాను. కొత్త సర్వర్లో పోస్టులన్నీ ప్రశ్నార్థకాలే. అమ్మమ్మ చెప్పిన మాతంగి వేషం కథ పేజీడు ప్రశ్నార్థకాలై కనిపిస్తే కడుపులో దేవినట్టయింది. అక్షరాల బదులు వింత లాటిన్ గుర్తులు వస్తే భయం లేదు, చాలావరకు వెనక్కి తిప్పుకోవచ్చు. ప్రశ్నార్థకాలైతే ఆ ఫైల్లో అక్షరం పోయినట్టే. పాత హోస్టింగ్ గడువు ఇంకా మూడు రోజులుండబట్టి మళ్లీ సరిగ్గా తీసుకోగలిగాను. కాబట్టి బ్యాకప్ ఫైలు తెరిచి ఒక తెలుగు వాక్యం కళ్లారా చదివాకే పాతది మూసేయండి.

మీ 1 జీబీ ర్యామ్ సంగతి. ఎఫ్‌పీఎంలో మాక్స్ చిల్డ్రన్, అంటే ఒకేసారి నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్‌ల హద్దు, ఉబుంటు ఇచ్చేది 5. ఎక్కడో చదివి నేను 50 చేశాను. ఆ మే నెలలో జాతర మొదలై బైరాగి వేషం రోజు సాయంత్రం లింకు గ్రూపుల్లో తిరిగింది. అరగంటలో సైట్ మీద 'ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్'. పాస్‌వర్డ్ తప్పేమో అని వెతికాను. కాదు. నా సైట్లో ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ దాదాపు 60 ఎంబీ తింటోంది. 50 లేస్తే 3 జీబీ. ర్యామ్ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ మరియాడీబీని చంపేసింది. డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే 'అవుట్ ఆఫ్ మెమరీ' అని కనిపించింది. మళ్లీ 5కి దించాను, ర్యామ్‌కి తోడుగా డిస్కులో 2 జీబీ స్వాప్ పెట్టాను, పేజీ క్యాష్ ప్లగిన్ వేశాను. అసలు మేలు చేసింది క్యాషే. ఒకరికి తయారైన పేజీ తర్వాత వంద మందికి డేటాబేస్ జోలికి పోకుండా అందుతుంది. మరుసటి ఏడాది జాతర వారమంతా సైట్ ఒక్కసారీ పడలేదు. మీకూ మామిడి సీజన్లో ఒక్కసారిగా జనం వస్తారు, ఇది ముందే చేసుకోండి.

హెచ్‌టీటీపీఎస్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దాన్ని అదే రెన్యూ చేసుకుంటుంది. వీపీఎస్ ప్యానెల్ ఫైర్‌వాల్‌లో 80, 443 పోర్టులు తెరిచి ఉన్నాయో లేదో చూడండి చాలు.

ఈ రాత్రికి ట్రై ఫైల్స్ లైను ఒక్కటే మార్చి చూడండి. ఆ తర్వాత 502 వచ్చిందంటే ఇంజిన్‌ఎక్స్‌కి పీహెచ్‌పీ అందడం లేదన్నమాట; ఫైలు మార్చేటప్పుడు రెండిటినీ కలిపే ఎఫ్‌పీఎం సాకెట్ పేరులో వెర్షన్ తేడా పడి ఉండొచ్చు. 24.04లో అది 8.3. అదీ కాకపోతే ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ చివరి 20 లైన్లు, పాస్‌వర్డ్‌లు, ఐపీ తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.