స్లీపింగ్ బ్యాగ్ మంచిదైనా వీపు ఎందుకు చల్లబడుతుంది: హర్ కీ దూన్‌కు తేలికైన మ్యాట్ ఎంపిక

అక్టోబరు నెలాఖరులో మీరూ మీ చెల్లెలూ పోర్టర్లు లేకుండా సొంత సామాను మోసుకుంటూ ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని హర్ కీ దూన్ లోయకు వెళ్తున్నారని, మైనస్ 5 డిగ్రీల స్లీపింగ్ బ్యాగులు ఇప్పటికే కొన్నారని, ఇక కింద పరచుకోవడానికి నల్లమలలో వాడిన మామూలు గాలి మ్యాట్లే సరిపోతాయా లేక ఇన్సులేషన్ (వేడిని పోనివ్వని పొర) ఉన్నవి మళ్లీ కొనాలా అని అడిగారు. అవి మాత్రమే వేసుకుంటే సరిపోవు. ఇదే పొరపాటును ఇదే లోయలో, ఇదే నెలలో నేను చేశాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నా దగ్గర ఉన్నది అర కిలోకు కాస్త తక్కువ బరువుతో, ఏడు సెంటీమీటర్ల మందంతో, లోపల గాలి తప్ప మరేమీ లేని మ్యాట్. తూర్పు కనుమల్లో ఎన్నో రాత్రులు దానిమీద హాయిగా నిద్రపోయాను. సాంక్రీ నుంచి బయలుదేరి, ఓస్లా దాటాక ఏటి ఒడ్డున సుమారు 3,000 మీటర్ల ఎత్తులో టెంట్ వేసుకున్న రాత్రి, రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. ఛాతీ, పొట్ట వెచ్చగానే ఉన్నాయి, వీపూ పిరుదులూ మాత్రం మంచుగడ్డ మీద ఆనించినట్టున్నాయి. పక్కకు తిరిగితే తుంటి చల్లబడింది. రెయిన్ కోటు, ఖాళీ చేసిన రక్‌సాక్, చివరికి తాడు చుట్ట కూడా కింద పెట్టుకుని చూశాను. పొద్దున నా అవస్థ విన్న కంచరగాడిదలవాడు నవ్వి, మరుసటి రాత్రికి రెండు గోనెసంచులు, జీను కింద వేసే మందపాటి ఉన్ని గుడ్డ ఒకటి ఇచ్చాడు. గాడిదల వాసన సంగతి పక్కన పెడితే, ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. మన గొల్లలు గొంగడిని కప్పుకోవడమే కాక కింద కూడా పరచుకుంటారన్న సంగతి నాకు తెలియనిది కాదు, అయినా మ్యాట్ మందం చూసి మోసపోయాను.

మోసం ఎక్కడుందంటే, స్లీపింగ్ బ్యాగ్‌లోని ఈకలు గానీ కృత్రిమ దూది గానీ తమలో గాలిని కదలకుండా పట్టి ఉంచడం వల్లనే వెచ్చదనాన్నిస్తాయి. మన బరువు కింద అవి నలిగి అట్టలా అయిపోతాయి గనుక, నేలకూ మనకూ మధ్య బ్యాగ్ దాదాపు లేనట్టే. బ్యాగ్ మీద ముద్రించిన ఉష్ణోగ్రతను పరీక్షించేటప్పుడు కూడా దాని కింద ఇన్సులేషన్ ఉన్న మ్యాట్ ఉంటుంది. ఇక మామూలు గాలి మ్యాట్ లోపలి గాలి ఖాళీగా, స్వేచ్ఛగా ఉంటుంది. మనం కదిలినప్పుడల్లా అదీ కదులుతూ, పైనున్న వేడిని కిందికి మోసుకుపోతుంది. అందువల్ల ఏడు సెంటీమీటర్ల ఖాళీ గాలి కంటే రెండు సెంటీమీటర్ల ఫోమ్ మేలు చేస్తుంది.

వేడి నేలలోకి పోకుండా మ్యాట్ అడ్డుకునే శక్తినే ఆర్-విలువ అంటారు. ఒకప్పుడు ప్రతి కంపెనీ తనకు తోచిన పద్ధతిలో కొలుచుకునేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక వేర్వేరు కంపెనీల అంకెలను పోల్చడం సాధ్యమైంది. ఆ ప్రమాణం పేరు ఎక్కడా కనిపించకుండా పెద్ద ఆర్-విలువ మాత్రమే రాసి ఉన్న చవక మ్యాట్లను నేను నమ్మను.

అంకెలంటే విసుగు లేకపోతే ఈ చిన్న లెక్క చూడండి. మీరు వెల్లకిలా పడుకున్నప్పుడు నేలకు ఆనే ఒంటి భాగం 0.4 చదరపు మీటర్లనీ, చర్మం 33 డిగ్రీలు, నేల సున్నా డిగ్రీలనీ అనుకుందాం. ఆర్ 1 ఉన్న మ్యాట్ మీదుగా నేలలోకి పోయే వేడి సుమారు 75 వాట్లు అవుతుంది. నిద్రపోతున్న మనిషి ఒళ్లు పుట్టించే మొత్తం వేడి కూడా దాదాపు అంతే! ఆర్ 2 అయితే నష్టం 37 వాట్లకు, ఆర్ 4.5 అయితే 17కు, ఆర్ 7.3 అయితే 10కి తగ్గుతుంది. బట్టలూ నలిగిన బ్యాగూ కొంత ఆపుతాయి గనుక అసలు నష్టం ఇంతకంటే తక్కువే ఉంటుంది, కానీ తగ్గుదల తీరు మాత్రం ఇదే. ఒకటి నుంచి రెండుకు వెళ్తే కలిగే లాభం చాలా పెద్దది, నాలుగున్నర నుంచి ఏడుకు వెళ్తే కలిగేది స్వల్పం. అందుకే శీతకాలంలో మంచు మీద పడుకునేవారికి తప్ప ఆర్ 7 మ్యాట్ అవసరమని నేననుకోను. అక్టోబరు చివర ఆ ఎత్తులో రాత్రిళ్లు సున్నా దగ్గరికో, దానికి కొన్ని డిగ్రీల కిందికో పోతాయనుకుంటే, 3.5 నుంచి 4.5 వరకు ఉన్నది మీ ప్రయాణానికి తగినది.

ఆ విలువను మోయదగ్గ బరువులో ఇచ్చేవి గాలి మ్యాట్లే, కాకపోతే లోపల మెరిసే పలుచని పొరలో, కృత్రిమ దూదో, ఈకలో ఉన్నవి. ఉదాహరణకు థర్మారెస్ట్ వారి నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్‌ఎక్స్‌టీ మామూలు సైజులో సుమారు 370 గ్రాములుంటుంది, ఆర్-విలువ 4.5, మందం ఏడున్నర సెంటీమీటర్లు. అదే కంపెనీ మడత ఫోమ్ మ్యాట్ జీ లైట్ సోల్ బరువు సుమారు 410 గ్రాములు, ఆర్ 2 మాత్రమే. అయితే దానికి పంక్చర్ భయం లేదు, ధర చాలా తక్కువ. వాల్వ్ తెరవగానే దానంతట అదే ఉబ్బే రకంలో ఇంత వెచ్చదనం కావాలంటే బరువు కిలో వైపు పోతుంది గనుక దాన్ని వదిలేయండి. యోగా మ్యాట్ సంగతి అడగనే వద్దు.

ఇక్కడ ఖర్చు తగ్గించే ఒక దారి ఉంది. ఆర్-విలువలను ఒకదానితో ఒకటి కూడుకోవచ్చు. మీ దగ్గరున్న గాలి మ్యాట్ ఆర్ 0.7 అనుకుని, దానికి ఆర్ 2 ఫోమ్ కలిపితే 2.7 అవుతుంది; ఉన్ని దుస్తులతో పడుకుంటే ఆ లోయలో నెట్టుకురావచ్చు. కాకపోతే రెండింటి బరువు కలిపి ఎనిమిది, తొమ్మిది వందల గ్రాములకు చేరుతుంది, ఫోమ్‌ను రక్‌సాక్ బయట కట్టుకోవాలి. రెండు కొత్త మ్యాట్లకు డబ్బు చాలకపోతే, ఇన్సులేషన్ ఉన్నది ఒక్కటే కొని మీ చెల్లెలికి ఇచ్చి, మీరు ఈ జోడీతో సర్దుకోండి. మర్యాద కోసం చెప్పడం లేదు. సాధారణంగా ఆడవారికి నిద్రలో చలి ఎక్కువ తెలుస్తుంది, స్లీపింగ్ బ్యాగులకు ఇచ్చే కంఫర్ట్ అంకె (హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత) ఆడవారిని, లిమిట్ అంకె (ముడుచుకుని ఎలాగో నిద్రపోగలిగే ఉష్ణోగ్రత) మగవారిని దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టినవి. మీ బ్యాగుల మీది మైనస్ 5 ఈ రెండింటిలో ఏదో ఈ రోజే లేబుల్ తిప్పి చూడండి. అది లిమిట్ అయితే ఆమె మ్యాట్ ఆర్ 4కు తగ్గకూడదు.

సైజు విషయంలో బరువు కోసం కక్కుర్తి పడి నేను ఒకసారి పొట్టి మ్యాట్ కొని, కాళ్ల కింద రక్‌సాక్ పెట్టుకుని పడుకున్నాను. పాదాలు తెల్లవార్లూ చల్లగానే ఉన్నాయి. వెడల్పు సాధారణంగా 51 సెంటీమీటర్లుంటుంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే మోకాళ్లు బయటికి పోతాయి గనుక, అలాంటివారు 64 సెంటీమీటర్ల వెడల్పున్నదాన్ని ఎంచుకుని కొంత అదనపు బరువు మోయడం మంచిది. తుంటి నేలకు తగలకూడదంటే మందం కూడా ఏడు సెంటీమీటర్ల దాకా ఉండాలి. మెరిసే పొర ఉన్న కొన్ని మ్యాట్లు కదిలినప్పుడల్లా చిప్స్ పొట్లంలా చప్పుడు చేస్తాయి. ఒకే టెంట్‌లో ఇద్దరున్నప్పుడు అది చిన్న విషయం కాదు, కాబట్టి వీలైతే దుకాణంలో దానిమీద పడుకుని, నాలుగుసార్లు దొర్లి చూశాకే కొనండి.

గాలిని నోటితో ఊదవద్దు. ఊపిరిలోని తేమ లోపల చేరి చలికి నీరవుతుంది, పైగా ఆ ఎత్తులో నడిచి అలసిన మనిషికి ఊదడం ఆయాసమే; మ్యాట్‌తో వచ్చే పంపు సంచిని వాడండి. అర్ధరాత్రి మ్యాట్ మెత్తబడితే వెంటనే పంక్చర్ అని కంగారు పడకండి, నేను అలా కంగారుపడి తలకు లైటు కట్టుకుని గంటసేపు కన్నం వెతికాను. నోటి నుంచి వచ్చిన 30 డిగ్రీల గాలి సున్నాకు చల్లబడితే దాని పరిమాణం పదో వంతు తగ్గిపోతుంది, జరిగింది అంతే. పడుకునే ముందు గాలి చల్లబడ్డాక మరోసారి నింపితే చాలు. నిజంగానే కన్నం పడితే ఏటి నీటిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, ఆ చోటును బాగా ఆరబెట్టి ప్యాచ్ వేయాలి, కాబట్టి ప్యాచ్‌లు రక్‌సాక్ అడుగున కాక పై జేబులో ఉండాలి. టెంట్ కింద పలుచని బరకం పరచండి. తుమ్మముళ్లున్న మన అడవులకైతే నేను ఇప్పటికీ ఫోమ్ మ్యాట్‌నే తీసుకెళ్తాను.

మ్యాట్ వచ్చాక ఇంట్లో ఉబ్బించి, బరువేదైనా పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. లీకు ఉంటే మార్చుకునే గడువు లోపలే తెలిసిపోతుంది. ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా పడేలా ఉంటే మాత్రం, డిసెంబరులో లంబసింగిలో ఒక రాత్రి టెంట్ వేసి, పాత మ్యాట్ మీద సగం రాత్రి, కొత్తదాని మీద సగం రాత్రి పడుకుని చూడండి.