ఫ్యాబ్రికేషన్: గేటుకూ అదే మాట, దొంగ కాగితానికీ అదేనా?

ప్రశ్న: మా వీధి చివర ‘స్టీల్ ఫ్యాబ్రికేషన్ వర్క్స్’ అని బోర్డు ఉంది. గేట్లు, గ్రిల్స్ చేస్తారు. మొన్న టీవీలో ఒక లాయరుగారు ‘ఈ డాక్యుమెంట్లన్నీ ఫ్యాబ్రికేషనే’ అన్నారు. ఒకే మాటకు ఇంత తేడా ఎలా వచ్చింది? రెండో అర్థానికి ‘కల్పితం’ అంటే సరిపోతుందా? బోర్డును తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: రెండు అర్థాలూ పనివాడి కొట్లోంచి వచ్చినవే. లాటిన్‌లో ‘ఫాబర్’ అంటే గట్టి సరుకుతో వస్తువులు చేసేవాడు. కమ్మరీ ఫాబరే, వడ్రంగీ ఫాబరే. అతను పనిచేసే చోటు ‘ఫాబ్రికా’. బట్టల కొట్లో వినబడే ఫ్యాబ్రిక్ కూడా అక్కడిదే. ఆ ఫాబ్రికాయే ఫ్రెంచివాళ్ల నోట అరిగి ‘ఫోర్జ్’ అయింది, అంటే కొలిమి. దొంగ సంతకానికి మనం అనే ‘ఫోర్జరీ’ దాని బిడ్డే. కాబట్టి మీ లాయరుగారి మాటా మీ వీధి బోర్డూ దూరపు చుట్టాలు కూడా కాదు, ఒకే ఇంటివి.

వస్తువు చేయడం అనే అర్థం ముందుది, లేనిది పుట్టించడం తర్వాతిది. ఇది ఇంగ్లీషువాళ్ల వింతేమీ కాదు. మనం బుట్టా అల్లుతాం, కథలూ అల్లుతాం. ఇల్లు కట్టినట్టే కట్టుకథా కడతాం. ‘సౌకర్యాలు కల్పించారు’ అంటే మెచ్చుకోలు, ‘కల్పించి చెప్పాడు’ అంటే తిట్టు. సంస్కృతంలో ‘కల్పయతి’ అంటే అమర్చడం, ఏర్పాటు చేయడం. ఇంకో తమాషా చూడండి. ‘కూటసాక్షి’ అంటే దొంగ సాక్షి. అందులోని కూట శబ్దానికి సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పిన అర్థాల్లో మోసం, అబద్ధంతో పాటు కమ్మరి సమ్మెట కూడా ఉంది! ఈ రెంటికీ నేను చుట్టరికం కలపను గానీ, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

ఇక కల్పితం సంగతి. మాట వరకు చెల్లుతుంది. ‘ఆ ఆరోపణ కల్పితం’ అనవచ్చు, ‘కట్టుకథ’ అంటే ఇంకా సూటిగా ఉంటుంది. కాగితాల దగ్గరే చిక్కు. ‘కల్పిత పత్రం’ అంటే ఆ పత్రమే లేదనీ, ఎవరో ఊహించుకున్నారనీ అనిపిస్తుంది. కానీ కోర్టు ముందున్న పత్రం నిక్షేపంగా ఉంది. స్టాంపు ఉంది, సంతకం ఉంది, పాతదిగా కనిపించడానికి టీ మరకలు కూడా ఉండొచ్చు. లేనిది అందులోని నిజం. అందుకే జనం ‘దొంగ పత్రాలు సృష్టించి భూమి కాజేశారు’ అంటారు. అదే సరైన తెలుగు.

చట్టంలోనూ ఇది చేతల నేరమే. విచారణలో సాక్ష్యంగా పనికొచ్చేలా లేని పరిస్థితిని ఏర్పరచడం, రికార్డులో తప్పుడు నమోదు చేయడం వంటివి దీని కిందికి వస్తాయి. పాత ఐపీసీలో 192వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 228వది. న్యాయ విచారణకు సంబంధించినదైతే ఏడేళ్ల దాకా జైలు. దీన్ని ‘దొంగ సాక్ష్యం సృష్టించడం’ అంటే ఏ పాఠకుడికైనా అర్థమవుతుంది. ‘దొంగ సాక్ష్యం చెప్పడం’ వేరే నేరం, దాన్ని దీనితో కలపకూడదు.

కల్పనను దొంగలకు అప్పగించడం నాకు ఇష్టం లేకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. వసుచరిత్ర కావ్యంలో కవి రామరాజభూషణుడు వట్టి కల్పిత కథలను కృత్రిమ రత్నాలన్నాడు. కానీ పాత కథకు మంచి కవి కల్పన తోడైతే సానపట్టిన జాతిరత్నమన్నాడు. అంత మర్యాద ఉన్న మాట అది.

బోర్డు విషయం. ‘ఉక్కు కల్పన’ అని మాత్రం రాయించకండి, ఎవరూ గేటు చేయించుకోవడానికి రారు. ‘ఇనుప గేట్లు, గ్రిల్స్ చేయబడును’ చాలు. ఫ్యాబ్రికేషన్ అని తెలుగు లిపిలో ఉంచినా తప్పులేదు. ఆ పని చేసేవాళ్లు అనేది కూడా అదే.