క్రయోజెనిక్ ఇంజనూ, కొబ్బరికాయా

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చదువుతున్నాడు. ఇస్రోవాళ్లు ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్లడం టీవీలో వస్తే చాలు, "వీళ్లే ఇలా ఉంటే దేశం బాగుపడినట్టే" అని చిరాకుపడతాడు. మా మామగారేమో "అంత చదివినవాళ్లే దండం పెడుతుంటే నీకేంట్రా" అంటారు. భోజనాల దగ్గర రోజూ ఇదే గోల. సైన్స్ ఇంత పెరిగినా భక్తి ఎందుకు తగ్గలేదు? ఇద్దరిలో ఎవరిది రైటు?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, నేనుండేది సూళ్లూరుపేటలో. పక్కనే శ్రీహరికోటలో ఉన్న ఇస్రో ప్రయోగ కేంద్రం షార్‌లో రాకెట్ లేస్తే మా కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఇస్రో పెద్దలు తిరుమలకే కాదు, మా ఊళ్లో చెంగాళమ్మ గుడికీ వస్తారు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లోనూ మీ ఇంటి గోలే నడిచేది.

మీ అబ్బాయికి 2019 జులై గుర్తు చేయండి. చంద్రయాన్-2 ప్రయోగానికి ముందు అప్పటి ఛైర్మన్ శివన్ గారు శ్రీవారి దర్శనం చేసుకుని వచ్చారు. 15వ తేదీ తెల్లవారుజామున 2.51కి రాకెట్ లేవాలి. ఊళ్లో చాలామంది మేడల మీదే ఉన్నారు. ఇంకా 56 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. సాంకేతిక లోపం. "పూజ అయిపోయిందిగా, ఏం కాదులే, వదిలేద్దాం" అని ఎవరూ అనలేదు. లోపం సరిచేసి 22న పంపారు. సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోతే, మొక్కులో తేడా వచ్చిందేమోనని కమిటీ వేయలేదు. డేటా ముందేసుకుని కూర్చున్నారు. చంద్రయాన్-3కి ల్యాండర్ కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు. దిగాల్సిన చోటు అంతకుముందు అర కిలోమీటరు పొడవూ వెడల్పూ ఉంటే, దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. అప్పుడూ తిరుమల వెళ్లారు. 2023 ఆగస్టు 23న క్షేమంగా దిగింది. దిగితే దేవుడి ఖాతాలో, కూలితే ఇంజనీర్ల ఖాతాలో రాసేవాళ్లుంటారు. వాళ్లతో నేను వాదన పెట్టుకోను.

మరి ఆ దండం దేనికంటారా? మా ల్యాబ్‌లో ఒక అటెండర్ ఉండేవాడు. ఆయుధపూజ రోజున బీరువాలోని పరికరాలన్నీ తీసి, వరసగా పేర్చి, గంధం రాసి కుంకుమ బొట్లు పెట్టేవాడు. ఒక ఏడాది కాంతిని కొలిచే స్పెక్ట్రోమీటర్‌కి ఉండే సన్నటి కొలత గీతల పట్టీ, వెర్నియర్, మీదే పెట్టేశాడు. గంధం ఎండి గీతల్లో పేరుకుపోయింది. "సార్, రీడింగ్ కనపడట్లేదు" అని పిల్లలు నా ప్రాణం తీశారు. మళ్లీ ఆయనే స్పిరిట్‌లో దూది ముంచి, లెన్సు పెట్టుకుని, ఓపిగ్గా గీత గీతా తుడిచాడు. "పూజ చేస్తే రీడింగ్ కరెక్టుగా వస్తుందా?" అని అడిగితే, వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. "ఏడాదంతా అన్నం పెడుతున్నాయి కద సార్" అన్నాడు. ఆ ల్యాబ్‌లో ప్రిజాలు పగలకుండా కాపాడిందీ ఆయనే. అన్నం పెట్టినదానికి పెట్టిన ఆ బొట్టును ఏ ప్రయోగం చేసి తప్పని నిరూపిస్తాం? మనవాళ్ల భక్తిలో సగం ఈ బాపతే. కృతజ్ఞత, అలవాటు, పదిమందీ కూడే సందడి. దానికీ ఫిజిక్సుకీ అసలు పోటీ లేదు, ఇక తగ్గడమెక్కడ?

మిగతా సగం భయం. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఒకటి గమనించాడు. అక్కడి జనం తీరం లోపలి ఉప్పునీటి మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రం, తంత్రం ఏమీ చేయరు. ప్రమాదం లేదు, చేపలకు కరువూ లేదు. నడిసముద్రంలోకి పోవాలంటే మాత్రం పెద్ద తంతు. చేతనైనదంతా చేశాక కూడా గాలి, అల వాళ్ల చేతిలో ఉండవు మరి. మా తీరంలో జాలర్లూ గంగమ్మకు మొక్కుతారు, ఫోన్లో తుపాను హెచ్చరికా చూసుకుంటారు. రాకెట్ మనుషులదీ అదే పరిస్థితి. ఏళ్ల కష్టం కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. రాకెట్ లేచాక టెన్షన్ పడడం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు.

స్వీడన్, డెన్మార్క్‌లలో చర్చికి వెళ్లేవాళ్లు తగ్గిపోయారు కదా అని మీవాడు అడుగుతాడు. నిజమే. మరి సైన్స్‌లో అమెరికా వాళ్లకేం తీసిపోలేదు, అక్కడ ప్రార్థనలకు వెళ్లేవాళ్లు ఇంకా బాగా ఎక్కువే. జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా, ముసలితనం మీదపడినా ప్రభుత్వం చూసుకుంటుందన్న ధీమా ఉన్నచోట దేవుడితో పని తగ్గుతుందని కొందరు సామాజిక శాస్త్రవేత్తల వాదన. నాకు అదే సబబుగా తోస్తుంది. ఆపరేషన్‌కి పొలం అమ్ముకోవాల్సిన చోట మొక్కులు తగ్గమంటే ఎలా తగ్గుతాయి?

ఇక తీర్పు. మీ మామగారి వాదన నిలవదు. అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ చేయడం తెలిసినాయన దండం పెట్టినంత మాత్రాన దేవుడున్నట్టు రుజువు కాదు. దండం పెట్టని శాస్త్రవేత్తలూ బోలెడుమంది. మీవాడికేమో ఆ కోపం వేరేచోట అవసరపడుతుంది. పాము కరిచినవాణ్ని మంత్రగాడి ముందు కూర్చోబెట్టి, విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి ఆలస్యం చేస్తారే, అక్కడ ఎంత గట్టిగా అరిచినా తప్పులేదు. కొబ్బరికాయ కొట్టొచ్చి కూడా కౌంట్‌డౌన్ ఆపగలిగినవాళ్ల మీద దాన్ని వృథా చేసుకోవద్దనండి. ఒక్క విషయంలో మాత్రం నేనూ వాడి పక్షమే. వెళ్లేవాళ్లు సొంతంగా, ఇంటివాళ్లతో వెళ్లొచ్చు. సంస్థ తరఫున, కెమెరాల ముందు ఎందుకు? శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని మన రాజ్యాంగంలోనే, 51ఎ(హెచ్)లో, రాసి ఉంది.

ప్రశ్న: 1995లో వినాయకుడు పాలు తాగాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. "నా చేత్తో నేనే తాగించాను" అంటుంది. ఏమనాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అబద్ధమాడుతోందని మాత్రం అనకండి. చెంచాలో పాలు తగ్గడం ఆమె కళ్లారా చూసింది. ఆ సెప్టెంబరు 21న చెంచా పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. నిండు చెంచా అంచు తొండానికి తగలగానే తలతన్యత వల్ల, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు వల్ల, పాలు అటు లాగబడి, పలచటి పొరలా విగ్రహం మీదుగా కిందికి జారిపోతాయి. తెల్లటి పాలరాయి మీద ఆ పొర కంటికి ఆనదు. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి ఇదే చూపించారు. మీరు అమ్మగారి చేతే చేయించండి. పాలలో చిటికెడు కుంకుమ కలిపి, నిండు చెంచాను కాస్త వంచి పట్టుకోమనండి. విగ్రహంతో పరీక్షలేంటని ఆవిడ ఒప్పుకోకపోతే, పింగాణీ ఊరగాయ జాడీ పొట్టకు ఆనించండి. అదీ తాగుతుంది.