ఎముక విరిగితే అది చిన్న గాయం కాదు

ప్రశ్న: పదకొండు నెలల క్రితం పొలం గట్టు తగాదాలో మా నాన్నను ఆయన దాయాది కర్రతో కొట్టాడు. ఆ సాయంత్రమే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. మూడో రోజు ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎడమ ముంజేతి ఎముక విరిగిందన్నారు, నెలన్నర కట్టు వేశారు. పోలీసు కేసంటే చేర్చుకోరేమోనని అక్కడ జారిపడ్డారని చెప్పాం. స్టేషన్‌లో చిన్న గాయమేనని పంపించేశారు. పెద్దమనుషుల రాజీ కుదరలేదు. ఏడాది దాటితే కేసు చెల్లదంటున్నారు. ఫిర్యాదులో ‘దాడి చేశాడు’, ‘గాయపరిచాడు’, ‘హింసించాడు’, ‘చంపబోయాడు’ వీటిలో ఏది రాయాలి? గడ్డపారతో కొట్టాడని రాసి, ప్రైవేటు ఆసుపత్రి కాగితం మార్పించుకోమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. అరవై ఏళ్ల మనిషి, నలుగురిలో అవమానపడ్డారు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: గట్టు ఎవరిదో సర్వేయరు తేలుస్తాడు, అవమానం సంగతి కోర్టు అడగదు. మీ కేసును తేల్చేది ఒక్కటే: ఎముక విరిగిందా, విరిగితే అది కర్ర దెబ్బకేనా?

ఘటన 2024 జులై 1 తర్వాతది కాబట్టి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ఒంటికి నొప్పి కలిగించినా గాయపరచడమే. దానికి 115(2) సెక్షన్ కింద గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. కేసు పెట్టే గడువూ ఏడాదే. మీకు ఎవరో చెప్పిన లెక్క ఇక్కడిది. కానీ ఎముక గానీ పన్ను గానీ విరిగితే 116 సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం. 117(2) కింద ఏడేళ్ల వరకు శిక్ష, పోలీసులు నేరుగా కేసు కట్టాలి. మూడేళ్లకు మించి శిక్ష పడగల నేరానికి కాలపరిమితి లేదు. ఎముక రెండు ముక్కలు కానక్కర్లేదు, పగులు చాలని హోరిలాల్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

ఇక ఏ మాట రాయాలన్న బెంగ వదిలేయండి. చెయ్యి తగలకపోయినా కొట్టబోతున్నట్టు మీదికి రావడం చట్టం దృష్టిలో దాడే, దానికి మూడు నెలల వరకే శిక్ష. ‘చంపబోయాడు’ అంటే చంపే ఉద్దేశాన్ని రుజువు చేయాలి. ముంజేతి మీద పడిన ఒక్క దెబ్బతో అది నిలవదు. ఇవన్నీ గుదిగుచ్చిన ఫిర్యాదు చూస్తే సంబరపడేది అవతలి వకీలే. ఎవరు, ఎన్ని గంటలకు, దేనితో, ఒంటిమీద ఎక్కడ కొట్టారో, ఎవరు చూశారో రాయండి. ఏ సెక్షనో పోలీసులు, కోర్టు చూసుకుంటారు.

జారిపడ్డారని ఎందుకు చెప్పారండీ? క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ నాన్నగారి ముందు పెట్టే మొదటి కాగితం ఆ ప్రైవేటు ఆసుపత్రి కేసు షీటే. మిమ్మల్ని కాపాడేది మీరు జతచేసిన ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ. అందులో సాయంత్రం 6.40 అని సమయం వేసి, ‘కర్ర దెబ్బ అని చెప్పారు, ఎడమ ముంజేయి వాపు, ఎక్స్‌రే అవసరం’ అని డాక్టరు రాశారు. మీరు ఒక్క ముక్క కూడా ప్రస్తావించని ఈ చీటీయే మీ కేసుకు ప్రాణం. పైగా ఎక్స్‌రే రిపోర్టులో విరిగింది చిటికెన వేలి వైపు ఎముక, అదీ నడిమధ్యన. దెబ్బను ఆపడానికి చెయ్యి అడ్డుపెట్టినప్పుడు సాధారణంగా విరిగేది అక్కడే. జారి అరచేయి ఆనించి పడితే ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఈ తేడాను కోర్టులో డాక్టరు నోట చెప్పించాలి. ఎందుకు అబద్ధం చెప్పారో మీ నాన్నగారు దాచకుండా ఒప్పుకోవాలి.

కాగితం మాత్రం ముట్టుకోవద్దు. కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే 229 సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. మీ దాయాదికి పడగల శిక్ష కూడా అంతే! ఓపీ చీటీలో కర్ర, ఫిర్యాదులో గడ్డపార ఉంటే ఆ చీటీ కూడా మీకు పనికిరాకుండా పోతుంది.

రేపే స్టేషన్ హౌస్ ఆఫీసరుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఎక్స్‌రే రిపోర్టు, ఓపీ చీటీ నకళ్లు జతచేసి రసీదు తీసుకోండి. నమోదు చేయకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే ప్రమాణ పత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు, లేదా నేరుగా ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు. కాలపరిమితి లేదన్నాను కదా అని తాత్సారం చేయకండి. ఎముక విరగడం దెబ్బవల్లేనని కోర్టు నమ్మకపోతే మిగిలేది చిన్న గాయం, దాని ఏడాది గడువు. మీకున్నది నెల రోజులు. ఆలోగానే ఫిర్యాదు కోర్టుకో, ఎఫ్ఐఆర్‌కో ఎక్కాలి.

నెలన్నర కట్టు వేశారని కూడా రాశారు. తీవ్రమైన నొప్పితో పదిహేను రోజులు బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే (పాత చట్టంలో ఇరవై రోజులు). ఉపాధి హామీ మస్టరులో ఆయన గైర్హాజరు కనిపిస్తే ఆ నకలు తీసుకోండి. ఆసుపత్రిలో ఉన్నారని చెబితే సరిపోదు, పని చేయలేకపోయారని చూపాలి.

రాజీ ప్రతిపాదన మళ్లీ వస్తే, కేసు నమోదయ్యాక 117(2) నేరంలో కోర్టు అనుమతితోనే రాజీ కుదురుతుంది. పెద్దమనుషులు ఎవరైనా సరే, ఖాళీ కాగితం మీద మీ నాన్నగారి చేత సంతకం పెట్టించకండి.