టెక్ సందేహాలు: వ్యాసాలు మీవి, సైట్ తాళాలు ఎవరివి?

ప్రశ్న: మంగళగిరిలో మాకు చేనేత చీరల షాపు ఉంది. రెండేళ్ల కిందట వెబ్‌సైట్ చేయించుకుని, చీరల గురించి నేనే వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. అవి చదివి హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి కూడా ఫోన్లు చేసేవారు. రెండు నెలలుగా ఆ ఫోన్లు ఆగిపోయాయి. గూగుల్‌లో షాపు పేరు కొడితే మా అడ్రస్ కింద ఏవో జపాన్ అక్షరాలు కనపడుతున్నాయి. సైట్ తెరిస్తే మాత్రం అంతా మామూలుగానే ఉంది. సైట్ చేసిన అబ్బాయి ‘గూగుల్ ప్రాబ్లం మేడమ్, అదే సర్దుకుంటుంది’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సర్దుకోదండీ. మీ సైట్ హ్యాక్ అయింది. దీనికి జపనీస్ కీవర్డ్ హ్యాక్ అని పేరు కూడా ఉంది. ఇదే గోడుతో ఇన్ని ఉత్తరాలు వస్తున్నాయంటే, మన ఊళ్లలో చిన్న వ్యాపారాల సైట్లు ఎంత దిక్కులేకుండా ఉన్నాయో అని నాకు నిజంగా గుబులుగా ఉంటోంది. లోపలికి దూరినవాడు మీ సైట్‌లో అర్థంపర్థం లేని పేర్లతో ఫోల్డర్లు చేసి, వేలకొద్దీ జపనీస్ పేజీలు పుట్టిస్తాడు. వాటి నిండా నకిలీ బ్రాండ్ సరుకు అమ్మే దుకాణాల లింకులే. మీరు రెండేళ్లు కూర్చుని రాసిన వ్యాసాల వల్ల గూగుల్ దగ్గర మీ డొమైన్‌కి, అంటే మీ సైట్ అడ్రస్‌కి, ఒక మంచి పేరొచ్చింది కదా, వాడు దోచుకునేది ఆ పేరునే. మీరు తెరిస్తే మీ చీరలు చూపిస్తాడు, గూగుల్ వచ్చి చూస్తే వాడి పేజీలు చూపిస్తాడు. అందుకే యజమానికి నెలల తరబడి తెలియదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గూగుల్‌లో ఇంగ్లీషులో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాయండి. మీరు రాసింది నలభై వ్యాసాలైతే, అక్కడ పేజీల తర్వాత పేజీలు జపాన్ అక్షరాలే వస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో, అంటే గూగుల్ సైట్ యజమానుల కోసం పెట్టిన పేజీలో, యూజర్ల జాబితా తెరవండి. ముక్కూ మొహం తెలియని జీమెయిల్ ఒకటి ఓనర్ అని కూర్చుని ఉండొచ్చు. దాన్ని తీసేస్తే పని అయిపోయిందనుకోకండి. తనే ఓనర్ అని గూగుల్‌కి రుజువు చూపడానికి వాడు మీ సర్వర్‌లో ఒక వెరిఫికేషన్ ఫైలు పెట్టి ఉంటాడు. కొన్నిసార్లు ఆ ఫైలు కూడా కనపడదు, హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగ్స్ ఫైల్లో రెండు మూడు లైన్లు ఇరికించి, గూగుల్ అడిగినప్పుడల్లా ఆ రుజువు అప్పటికప్పుడు తయారయ్యేలా చేస్తాడు. ఆ లైన్లు ఉన్నంతకాలం మీరు ఎన్నిసార్లు తీసేసినా వాడు మళ్లీ ఓనర్ అయిపోతాడు.

శుభ్రం చేయించడం ఆ అబ్బాయి వల్ల కాకపోతే తెలిసినవాళ్లకి డబ్బిచ్చి చేయించండి. ఉన్నది ఉన్నట్టు ఒక బ్యాకప్ తీయాలి, మీ సైట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఫైళ్లు దాని అధికారిక సైట్ నుంచి కొత్తగా వేయాలి. ఫొటోలు ఉండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు, అంటే ప్రోగ్రామ్ కోడ్ ఉండేవి, కనపడితే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, తెలియని అడ్మిన్లను పీకేయాలి. హోస్టింగ్, డేటాబేస్, వర్డ్‌ప్రెస్, వీటికి తోడు మెయిల్, అన్ని పాస్‌వర్డులూ మార్చాలి. అదంతా చేసే ముందు మీరు ఆ అబ్బాయిని అడగాల్సింది ఒకటుంది. ఈ థీమ్, అంటే సైట్ రూపాన్నిచ్చే రెడీమేడ్ డిజైన్, ఎక్కడ కొన్నావు, బిల్లేది? కొనలేదంటే, డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎవరో క్రాక్ చేసి ఊరికే పంచుతున్న చోటు నుంచి దించాడన్నమాట. అంత ఖరీదైనదాన్ని ముక్కూ మొహం తెలియనివాడు మనకి ఊరికే ఎందుకిస్తాడు? చాలావాటిలో దొడ్డిదారి ముందే పెట్టి ఉంటుంది. ఆ థీమ్ ఉంచి మిగతాదంతా కడిగినా వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో మాట, ఇది ఈవిడ ఒక్కరికే కాదు. వ్యాసాలు రాసిపెట్టే కుర్రాడికి, ఫొటోలు ఎక్కించే అమ్మాయికి, ఏడాది కిందట మానేసిన ఏజెన్సీకి, అందరికీ అడ్మిన్ లాగిన్ ఇచ్చి ఊరుకుంటున్నారు. వర్డ్‌ప్రెస్‌లో ఆథర్ అని, ఎడిటర్ అని వేరే హోదాలున్నాయి. వ్యాసం రాసి పబ్లిష్ చేసేవాళ్లకి ఆథర్ చాలు. షాపులో బిల్లు రాసే మనిషికి బీరువా తాళం చెవి ఇస్తామా?

డొమైన్ సంగతైతే ఇంకా ఘోరం. మా బావమరిది మోటారు పంపుల స్పేర్ పార్టులు అమ్ముతాడు. పంపు ఎందుకు గాలి పడుతుంది, ఫుట్‌వాల్వ్ ఎలా చూసుకోవాలి అని రైతులకు అర్థమయ్యేలా ఐదేళ్లు రాశాడు. సైట్ చేసినతను డొమైన్‌ని తన మెయిల్ మీద, తన పేరు మీద కొన్నాడు. రెన్యూవల్ మెయిల్స్ అన్నీ అతనికే వెళ్లాయి. అతను ఊరు మారాడు, నంబరు మారాడు. గడువు దాటింది. డాట్ కామ్ పేరు రద్దయ్యాక కూడా ముప్ఫై రోజులు, కాస్త ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ సంగతి చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, నాకు తెలిసేసరికి అదీ దాటిపోయింది. ఇప్పుడా అడ్రస్ కొడితే బెట్టింగ్ యాప్‌ల వ్యాసాలు వస్తున్నాయి. అతని పాత లింకులన్నీ, రైతులు వాట్సాప్‌లో పంచుకున్నవి కూడా, అక్కడికే వెళ్తున్నాయి. పాత డొమైన్ల మంచిపేరు కొని పనికిరాని పేజీలు నింపే ఈ పద్ధతిని గూగుల్ 2024 మార్చిలో పేరుపెట్టి స్పామ్ నిబంధనల్లో చేర్చింది. కానీ ఆ ఐదేళ్ల రాత మా బావమరిదికి ఎవరు తిరిగిస్తారు? ఈ రాత్రే మీ డొమైన్ అకౌంట్ ఎవరి మెయిల్ మీద ఉందో చూసుకోండి. మీది కాకపోతే మార్పించుకోండి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి, ఆటో రెన్యూవల్ ఆన్ చేయండి.

ప్రశ్న: వరంగల్‌లో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. ఒక ఏజెన్సీవాళ్లు నెలకు పన్నెండు వేలకి ముప్ఫై వ్యాసాలు, ఐదొందల బ్యాక్‌లింకులు ఇస్తామంటున్నారు. మొదటి పేజీ గ్యారంటీ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. గూగుల్‌లో స్థానానికి గ్యారంటీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు, ఆ మాట అన్నప్పుడే లేచి రావాల్సింది. బ్యాక్‌లింకులంటే వేరే సైట్లలో మీ సైట్‌కి పెట్టించే లింకులు. వీళ్లు అమ్ముతున్న సరుకు కూడా పాతది. ఒకప్పుడు ఒకే వ్యాసాన్ని మాటలు అటూ ఇటూ మార్చి వందలాది ఆర్టికల్ డైరెక్టరీల్లో పడేసేవాళ్లు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన సెర్చ్‌లో తెచ్చిన పాండా అనే మార్పుతో ఆ డైరెక్టరీలు కుదేలయ్యాయి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మరో మార్పు వచ్చి కొన్న లింకుల పని పట్టింది. ఆ తర్వాత గెస్ట్ పోస్టుల మీద, అంటే వేరేవాళ్ల సైట్లో వ్యాసం రాసి అందులో తమ లింక్ పెట్టుకోవడం మీద, పడ్డారు. అప్పట్లో గూగుల్‌లో వెబ్‌స్పామ్ బృందాన్ని నడిపిన మాట్ కట్స్ 2014 జనవరిలోనే, లింకుల కోసం చేసే గెస్ట్ బ్లాగింగ్‌కి కాలం చెల్లిందని రాశాడు. ఇప్పుడు ముప్ఫై వ్యాసాలు ఒక పూటలో తీసే ఏఐ టూల్స్ వచ్చాయి. దానికీ 2024 మార్చి నిబంధనల్లోనే సమాధానముంది: ర్యాంకు కోసం పనికిరాని పేజీలు గుట్టలుగా వేస్తే, మనిషి రాసినా యంత్రం రాసినా స్పామే.

మీది వైద్యం. మీ పేరుతో వచ్చే వ్యాసంలో ఫలానా వ్యాయామం చేయమని ఉంటే, నడుంనొప్పితో ఉన్న మనిషి ఇంట్లో అది చేసి చూస్తాడు. అది ఎవరు రాశారో మీకే తెలియకపోతే ఎలా? నెలకు ఒక్కటి రాయండి చాలు, మీరే రాయండి. మోకాలి నొప్పితో వచ్చినవాళ్లని మీరు మొదట ఏమడుగుతారు? మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడా అని అడుగుతారు కదా. ఎందుకు అడుగుతారో, ఏ జవాబుకి ఏం అనుకుంటారో రాస్తే అదే మంచి వ్యాసం. టైప్ చేసే ఓపిక లేకపోతే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని మాట్లాడేయండి, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. పేషెంట్ల పేర్లు, స్కాన్ ఫొటోలు మాత్రం పెట్టకండి. ఎక్స్‌రే మూలన పేరు, వయసు, తేదీ ఉంటాయి, చాలామంది అది చూసుకోకుండానే ఎక్కించేస్తున్నారు.

ప్రశ్న: మాది కడియంలో నర్సరీ. మొక్కల గురించి నాన్నగారు చెప్పినవి డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించి సైట్‌లో పెట్టాను. ఇరవై వ్యాసాలున్నా గూగుల్‌లో ఒక్కటీ రావడం లేదు.

జవాబు: మీరు లింక్ పంపబట్టి చూడగలిగాను. సగం వ్యాసాలు పోస్టర్లలా బొమ్మలుగా ఉన్నాయి. మిగతా సగం పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. ఆ ఫాంట్లు తెరమీద తెలుగు చూపిస్తాయి గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. మీ మొదటి వ్యాసం కాపీ చేసి నా నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఒక్క తెలుగు అక్షరం రాలేదు. గూగుల్‌కి కనపడేదీ అదే. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లు ఒకేలా గుర్తించే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగుకి 1991 నుంచీ చోటుంది, అయినా ఈ రోజుకీ మన ప్రింటింగ్ సెంటర్లలో పాత ఫాంట్లే నడుస్తున్నాయి. ఇన్ని పుస్తకాలు, ఇన్ని వ్యాసాలు వెతకడానికి వీల్లేకుండా పోతున్నందుకు నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆ ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి సరిచూడండి, తప్పులు ఎక్కువగా అక్కడే వస్తాయి. బొమ్మల్లో ఉన్నవి మళ్లీ టైప్ చేయించండి. మామిడి అంటు నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో పూడ్చకూడదని మీ నాన్నగారు చెప్పింది పోస్టర్‌లో ఉండిపోయింది. మొక్క కొనుక్కెళ్లిన ప్రతివాడికీ కావాల్సిన మాట అది.

ప్రశ్న: తెలుగు హెడ్డింగ్ పెడితే వ్యాసం లింక్ చాంతాడంత వస్తోంది. వాట్సాప్‌లో పంపితే వైరస్ లింక్ అనుకుంటున్నారు.

జవాబు: అనుకోవడంలో తప్పులేదు. కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు అక్షరం శాతం గుర్తులతో కలిసి తొమ్మిది క్యారెక్టర్లుగా మారుతుంది, గుణింతానికి వేరే తొమ్మిది. హెడ్డింగ్ తెలుగులోనే ఉంచండి. లింక్ చివరి భాగాన్ని, అంటే స్లగ్‌ని, పబ్లిష్ చేసే ముందే మూడు నాలుగు ఇంగ్లీషు మాటల్లోకి మార్చండి. ఇప్పటికే పబ్లిష్ అయినవాటికి మార్చితే పాత లింక్ నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే గ్రూపుల్లో ఇదివరకే తిరుగుతున్నవి నొక్కినవాళ్లకి ఖాళీ పేజీ వస్తుంది.